దున్న నెత్తిన కప్ప, నక్క చేతిలో ఫారం

ఒక పెద్ద అడవిలో, పులి ఒక్కటే ఉన్నా కమిటీలు మాత్రం పదహారు ఉన్న రోజుల్లో, భీమలింగం అనే అడవిదున్న ఉండేది.

భీమలింగం నడిస్తే నేల అదిరేది. తుమ్మితే నేరేడు పళ్లు రాలేవి. నోరు తెరిచి మాట్లాడితే మాత్రం చెవి దగ్గర దోమ పాడినట్టు ఉండేది.

"కాస్త దారి ఇస్తారా?" అని అది గొంతు చించుకుని అరిచినా సరే, ఎదురుగా ఉన్న దుప్పులు "ఇక్కడెక్కడో దోమ ఉందర్రా" అని చెవులు విదిలించుకునేవి.

అదే అడవిలో చెరువు గట్టున బెక్కాయమ్మ అనే కప్ప ఉండేది. ఒళ్లు నిమ్మకాయంత. గొంతు నగారా అంత. బెక్కాయమ్మ ఒక్కసారి "బెక్" మందంటే మూడు కొండల అవతల కొండముచ్చులు చెట్లు దిగి "ఎవరు పిలిచారు?" అని ఒకదాన్నొకటి అడిగేవి.

అంత గొంతు ఉండి ఏం లాభం? ఎవరి కంటికీ ఆనేది కాదు. దారిన పోయే ప్రతి జంతువూ దాన్ని తొక్కబోయేది. "చూసి నడువు నాయనా!" అని రోజుకు పదిసార్లు అరవాల్సి వచ్చేది.

ఒక వానాకాలం భీమలింగం నీళ్లు తాగబోయి చెరువు బురదలో పొట్ట దాకా కూరుకుపోయింది. పొద్దుటి నుంచి అరుస్తోంది. ఎవరూ రాలేదు. చివరికి బెక్కాయమ్మ ఎగిరి వచ్చి దాని ముక్కు మీద కూచుంది.

"ఏం నాయనా, స్నానమా?"

"కూరుకుపోయాను అక్కా."

"మరి అరవవేం?"

"ఇప్పుడు అరుస్తూనే ఉన్నాను."

బెక్కాయమ్మ దాని మొహం వంక జాలిగా చూసింది. "సరే, చెవులు మూసుకో."

"మూసుకోవడానికి చేతులు లేవక్కా."

"అయితే నీ ఖర్మ" అని, ఒళ్లంతా ఊదుకుని, "రండర్రోయ్! దున్న మునిగిపోతోందర్రోయ్!" అని ఒక్క కేక పెట్టింది.

ఏనుగులు వరద వచ్చిందనుకుని పరుగెత్తుకొచ్చాయి. తలా ఒక చెయ్యి, అంటే తలా ఒక తొండం వేసి భీమలింగాన్ని తోక పట్టుకుని బయటికి లాగాయి.

ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరినొకరు వదలలేదు. బెక్కాయమ్మ భీమలింగం రెండు కొమ్ముల మధ్య కాపురం పెట్టింది. ఇక దాన్ని తొక్కేవాడు లేడు. భీమలింగం మాట వినపడదనే బాధా లేదు. చిక్కల్లా ఒకటే.

"దయచేసి కొంచెం జరగండి" అని దున్న సన్నగా అనేది.

"జరగండెహె! ఇంత దున్న వస్తుంటే కళ్లు కనపడటం లేదా!" అని కప్ప గట్టిగా చెప్పేది.

"నేను అలా అనలేదక్కా."

"నువ్వన్నదే అన్నాను నాయనా. కొంచెం ఉప్పూ కారం వేశాను, అంతే."

ఇలా రోజూ పోట్లాడుకునేవి. రోజూ కలిసి తిరిగేవి. అడవంతా వాటిని చూసి నవ్వుకునేది.

ఒక్క నక్కకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. దాని పేరు నాగభూషణం. పదహారు కమిటీల్లోనూ సభ్యత్వం ఉంది, ఒక్కదాంట్లోనూ పదవి లేదు. స్నేహితుడూ లేడు. పోనీ స్నేహితుడు లేకపోతే మానె, పదవి లేకపోవడం దాన్ని లోపల్లోపల తినేస్తోంది.

ఒక మధ్యాహ్నం అది పులి దగ్గరికి వెళ్లింది. భోజనం అయ్యాక పులి దేనికైనా సరే అంటుంది. అడవి చట్టాలన్నీ ఆ వేళలోనే పుట్టేవి.

"మహాప్రభూ, అడవి పాడైపోయింది" అంది నక్క.

"మళ్లీనా?" అని ఆవలించింది పులి.

"ఎవడికి నచ్చినవాడితో వాడు స్నేహం చేసేస్తున్నాడు. పద్ధతా, పాడా? ఇవాళ దున్న నెత్తికి కప్ప ఎక్కింది. రేపు ఏ కుందేలో వచ్చి తమరి నెత్తికి ఎక్కితే?"

పులి పంజాతో నెత్తి తడుముకుని చూసుకుంది. ఏమీ లేదు. అయినా కంగారు పడింది. "ఏం చేద్దామంటావు?"

"ఒక శాఖ పెడదాం మహాప్రభూ. స్నేహాల సర్దుబాటు శాఖ. ఎవరికి ఎవరు తగినవాళ్లో మేమే చెబుతాం. మేం చెప్పిన జోడీని వదిలి నాలుగు అడుగులు దాటి వెళ్లినవాళ్లకు చెరువు నీళ్లు బంద్."

"దానికి అధికారి ఎవరు?"

నక్క సిగ్గుపడి తల వంచుకుంది. "అడవంతా గాలించాను మహాప్రభూ. నాకన్నా తగినవాడు నాకు కనపడలేదు."

పులి అప్పటికే గురక పెడుతోంది. నక్క దాని పంజా మెల్లగా ఎత్తి, బురదలో ముంచి, మోదుగాకు మీద అద్దింది. శాఖ పుట్టింది.

చెరువు పక్కన నల్లమద్ది చెట్టు కింద ఆఫీసు తెరిచారు. ముద్రలు వేయడానికి తాబేలును పెట్టారు. తాబేలు మహా నిజాయితీ మనిషి. కాకపోతే అది ముద్ర ఎత్తి దించేలోగా అర్జీ పెట్టుకున్న పిల్లి ఆకలేసి ఇంటికి వెళ్లి తిని తిరిగి వచ్చేది.

ఫారాలు మోదుగాకుల మీద ఉండేవి. కాళ్లు ఎన్ని? తోక ఉందా? ఒంటి మీద చుక్కలా, చారలా? నివాసం ఎక్కడ? బరువు ఎంత? ధైర్యం, ఆకలి, నడక ఎలాంటివి? రెండు ఫారాలు పక్కపక్కన పెడితే సరిపోవాలి. సరిపోతే స్నేహం. అంతే.

భీమలింగం, బెక్కాయమ్మ వరసలో నిలబడి, తమ వంతు వచ్చాక నక్క ముందుకు వచ్చాయి.

"కాళ్లు?" అంది నక్క.

"నాలుగు" అంది దున్న.

"ఏదో దోమ..." అని నక్క చెవి దులుపుకుంది.

"నాలుగూ అంటున్నాడు! నాకూ నాలుగే!" అని కప్ప అరిచింది. నక్క చేతిలో ఆకు ఎగిరి అవతల పడింది.

నక్క ఆకు ఏరుకొచ్చి కూచుంది. "తోక?"

"వాడికి ఉంది."

"నీకు?"

"చిన్నప్పుడు ఉండేది" అంది బెక్కాయమ్మ.

"రుజువు?"

"రుజువేమిటి? కప్పలన్నిటికీ చిన్నప్పుడు తోక ఉంటుంది, పెద్దయ్యాక పోతుంది. చెరువులో ఎవరినడిగినా చెబుతారు."

"అవన్నీ నాకు తెలీదు. ఆ తోక పట్టుకొచ్చి చూపించు."

"పోయిన తోక ఎక్కడ దొరుకుతుందయ్యా?"

"అయితే పోయినట్టు ధ్రువీకరణ పత్రం తీసుకురా."

"ఎవరిస్తారది?"

"మేమే ఇస్తాం. తోక చూపిస్తే ఇస్తాం."

బెక్కాయమ్మ వెనక్కి తిరిగి తోక ఉండాల్సిన చోట ఒకసారి చూసుకుంది.

నక్క వాటి ఫారాల మీద అడ్డంగా ఒక గీత గీసింది. తర్వాత మిగిలిన ఫారాలు తిరగేసి కొత్త జోడీలు కుదిర్చింది.

"భీమలింగం! బరువు ఇంచుమించు ఏనుగంత. మాట బయటికి వినపడదు. నీకు తగ్గవాడు ఒకడే ఉన్నాడు. ఆ మిట్ట మీద గుండ్రాయి."

"రాయా?" అంది దున్న.

"వాడూ నీలాగే బరువు. వాడి మాటా వినపడదు. ఇంకేం కావాలి?"

తర్వాత కప్ప వైపు తిరిగింది. "బెక్కాయమ్మా! నివాసం చెరువు గట్టు. ఒంటి మీద వెంట్రుకలు లేవు. చెవులు బయటికి కనపడవు. మెడ ఎక్కడుందో తెలీదు. అచ్చం నీలాగే ఉన్నవాడు ఒకడు దొరికాడు. జెర్రిపోతు సీతాపతి."

వరసలో వెనక నిలబడ్డ పాము సీతాపతి ఆనందం పట్టలేక రెండుసార్లు నాలుక బయటపెట్టింది. "స్నేహమంటే నాకు ప్రాణమండీ. ముఖ్యంగా ఇంత గుండ్రటి స్నేహం."

"వద్దు!" అని దున్న కాళ్లు నేలకేసి తన్నింది. ఎవరూ వినలేదు. తాబేలు మాత్రం నెమ్మదిగా ముద్ర ఎత్తి, ఇంకా నెమ్మదిగా దించింది.

అలా అడవిలో కొత్త స్నేహాలు మొదలయ్యాయి. దుప్పికీ, చిరుతపులికీ ఇద్దరికీ చుక్కలే కాబట్టి వాటిని జోడీ కలిపారు. రెండో రోజు నక్క తనిఖీకి వెళ్లేసరికి దుప్పి ముందు పరుగెడుతోంది, చిరుత వెనక పరుగెడుతోంది.

"ఎలా ఉంది స్నేహం?" అని అడిగింది నక్క.

"మా స్నేహితురాలు మహా చురుకండీ" అని చిరుత రొప్పుతూ చెప్పి సాగిపోయింది.

'కలిసి వ్యాయామం చేయుచున్నారు. తృప్తికరం' అని నక్క రాసుకుంది.

భీమలింగం మిట్ట మీద గుండ్రాయి పక్కన కూచుంది. మొదటి రోజు మర్యాదగా మాట కలిపింది.

"మీది ఈ ఊరేనా?"

రాయి మాట్లాడలేదు.

"ఎండ ఎక్కువగా ఉంది కదూ?"

రాయి ఔనని అనలేదు, కాదని అనలేదు.

జోడీలు కలిసే నీళ్లకు వెళ్లాలి. రాయి రాదు. దున్న ఒంటరిగా వెళ్లకూడదు. కళ్లెదురుగా చెరువు తళతళ మెరుస్తుంటే దున్న నాలుక పిడచకట్టుకుపోయింది.

అక్కడ మిట్ట కింద బెక్కాయమ్మ అవస్థ ఇంకా ఘోరంగా ఉంది. పాముతో జోడీ కుదిరిన మరుక్షణమే అది ఎగిరి పక్కనే ఉన్న ముళ్ల పొదలో దూరింది. సీతాపతి పొద చుట్టూ చుట్ట చుట్టుకుని కూచుంది.

"బయటికి రా చెల్లెమ్మా. స్నేహితులన్నాక కాస్త ఆనుకుని కూచోవాలి."

"నువ్వు ముందు ఆవలించడం మాను అన్నయ్యా."

"ఆవలింత కాదమ్మా, నవ్వు."

"నీ నవ్వులో నేను పట్టేంత చోటుంది."

"చూశావా, నీ కోసం మనసులో ఎంత చోటు ఉంచానో!"

పొద లోపల తిండి లేదు. తడి లేదు. కప్పకు తడి లేకపోతే ప్రాణం పోయినంత పని. అయినా బెక్కాయమ్మ పొద్దునా సాయంత్రమూ గొంతెత్తి "భీమన్నా! బతికే ఉన్నాను!" అని కేక పెట్టేది. మిట్ట మీద దున్న ఆ కేక విని ఊపిరి పీల్చుకునేది. తను కూడా "నేనూ ఉన్నాను అక్కా" అనేది. అది రాయికి తప్ప ఎవరికీ వినపడేది కాదు.

మూడో రోజు పొద్దున్న కేక రాలేదు.

భీమలింగం చెవులు నిక్కబొడుచుకుంది. కాసేపు చూసింది. ఎండ ఎక్కింది. కేక రాలేదు. లేచి నాలుగు అడుగులు వేసింది. ఐదో అడుగు వేస్తే ఇక చెరువు నీళ్లు లేవు. పోనీ, నీళ్లు పోతే పోయాయి అనుకుంది. కానీ నీళ్లు బంద్ అయితే బెక్కాయమ్మను మోసుకెళ్లి తడపడం ఎక్కడ?

దున్న బుర్ర గోక్కుంది. పాపం, ఆలోచించడం దానికి అలవాటు లేదు. అయినా ఆ వేళ ఒక ఆలోచన వచ్చింది. జోడీని వదిలి వెళ్లకూడదు అన్నారు. జోడీని తీసుకెళ్లకూడదని ఎవరూ అనలేదు కదా!

వెనక్కి వచ్చి గుండ్రాయికి కొమ్ములు ఆనించింది. "కొంచెం జరుగుతారా?" అని మర్యాదగా అడిగి, ఒక్క తోపు తోసింది.

రాయి కదిలింది. ఇంకో తోపు. రాయి దొర్లింది. మూడో తోపు అవసరమే లేకుండా పోయింది. మిట్ట మీద నుంచి రాయి దడదడమని కిందికి దొర్లుతుంటే, నాలుగు అడుగులు దాటకుండా భీమలింగం వెనక పరుగెత్తింది.

సీతాపతి ఆ చప్పుడు విని తల తిప్పి చూసింది. ముందు రాయి, వెనక దున్న. "చెల్లెమ్మా, మళ్లీ కలుద్దాం" అని చెప్పి, ఎదురుగా కనపడ్డ కన్నంలో దూరబోయింది. కన్నం చిన్నది. సగం దూరి ఇరుక్కుంది. రాయి దాని తోకకు జానెడు దూరంలో నుంచి వెళ్లింది. మిగిలిన సగం దానంతటదే లోపలికి దూరిపోయింది.

దున్న పొదలో మూతి పెట్టింది. ముళ్లు గుచ్చుకుని ముక్కు మీద రక్తం చిమ్మింది. లెక్కచేయలేదు. ఎండిన రేగిపండులా ముడుచుకుపోయిన బెక్కాయమ్మ ఒక కన్ను తెరిచి, దాని ముక్కు మీదికి పాకింది. కేకలు వేసి వేసి గొంతు పూర్తిగా పోయింది.

"ఇంతసేపా రావడం?" అని గుసగుసగా తిట్టింది.

"మా స్నేహితుడికి కాళ్లు లేవక్కా" అంది దున్న. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఈలోగా రాయి ఆగలేదు. తిన్నగా వెళ్లి నల్లమద్ది కింద స్నేహాల సర్దుబాటు శాఖలో పడింది. బల్ల ముక్కలైంది. ఫారాలు గాలిలోకి లేచాయి. తాబేలు డిప్పలోకి దూరి, రాయి తన మీదుగా వెళ్లిపోయాక తల బయటపెట్టి, "లోపలికి రావడానికి అనుమతి ఉందా?" అని అడిగింది. రాయి అప్పటికే ధబేలుమని చెరువులో పడింది. ఆ నీళ్లన్నీ ఎగిరి, భోజనానికి ముందు అలా షికారుకు వచ్చిన పులి మీద పడ్డాయి.

భీమలింగం రాయి వెనకే చెరువులో దిగి కప్పను నీళ్లలో ముంచింది. తనూ గటగటా తాగింది.

"నీళ్లు బంద్! ఇద్దరికీ బంద్!" అని నక్క నెత్తి మీద అంటుకున్న మోదుగాకులు పీక్కుంటూ అరిచింది. "ప్రభుత్వ ఆఫీసు కూల్చేశారు!"

"ఏమిటీ గోల?" అంది పులి, మీసాల నుంచి నీళ్లు కారుతుండగా.

చప్పుడుకు జంతువులన్నీ పోగయ్యాయి. అందరూ భీమలింగాన్ని చూస్తున్నారు. అది బెక్కాయమ్మ వంక చూసింది. బెక్కాయమ్మ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

ఇక తప్పదని దున్నే మాట్లాడింది. ఎవరికీ వినపడలేదు. పులి "ష్!" అంది. అడవి మొత్తం ఊపిరి బిగబట్టింది. ఏనుగులు చెవులు ముందుకు చాపాయి.

"మహాప్రభూ" అంది భీమలింగం సన్నగా, "ఈ రాయి మంచివాడే. కానీ మూడు రోజుల్లో నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. తిట్టనివాడు స్నేహితుడెలా అవుతాడండీ?"

పులి పంజాతో మీసాలు తుడుచుకుంది.

"నన్ను కూడా ఎవరూ తిట్టరు" అంది దిగులుగా. తర్వాత నక్క వైపు తిరిగింది. "అవునూ, నీకు ఎవరిని జోడీ కలిపారు నాగభూషణం?"

"అధికారులకు మినహాయింపు ఉంది మహాప్రభూ."

"లేదండీ" అంది తాబేలు. దానికి అబద్ధం చెప్పడం రాదు. "నిబంధనల్లో అలా ఎక్కడా లేదు. పైగా మీ ఫారం మీరే నింపారు. పని తొందరలో నేను ఇవాళే చూస్తున్నాను." తడిసిన ఆకుల్లోంచి ఒకటి ఏరి, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది. "ధైర్యం, పులి అంత. ఆకలి, పులి అంత. నడక, అచ్చం పులి నడక. మహాప్రభువుల ఫారం కూడా మీరే నింపారు కదండీ? రెండూ పక్కపక్కన పెడితే... ఇంత చక్కగా సరిపోయిన జోడీ శాఖ చరిత్రలో లేదు."

తాబేలు ముద్ర ఎత్తడం మొదలుపెట్టింది.

"ఆపు!" అంది నక్క.

"ఎత్తాక ఆపే నిబంధన లేదండీ."

"అదంతా ఊరికే రాశాను! నాకు ధైర్యం లేదు! పీతను చూసినా భయమే!"

ముద్ర సగం దాకా వచ్చింది.

పులి మొహం వెలిగిపోయింది. "ఇన్నాళ్లకు నాకూ ఒక స్నేహితుడు! శాఖ చెప్పాక ఇంకేం. నాలుగు అడుగుల లోపే ఉండాలి కదూ? పద నాగభూషణం, భోజనం వేళ అయింది. కలిసి కూచుందాం."

ముద్ర ఆకును తాకక ముందే నక్క లేచింది. "శాఖ రద్దు! ఇప్పుడే రద్దు! ఎవరిష్టం వచ్చినవాళ్లతో వాళ్లు ఏడవండి!" అని అరుస్తూ తోక కాళ్ల మధ్య ఇరికించుకుని గట్టు వెంట పారిపోయింది.

సరిగ్గా అప్పుడే దుప్పి రొప్పుతూ అటు వచ్చింది. దాని వెనకే చిరుత. రద్దయిందని వినగానే చిరుత ఉన్నచోటే కూలబడింది. "అమ్మయ్య! ఇంకొక్క రోజు ఈ స్నేహం చేసి ఉంటే చచ్చిపోయేవాణ్ణి."

"అదేమిటి?" అంది పులి, నక్క పోయిన దిక్కు చూస్తూ. "నేను నిజంగానే భోజనానికి పిలిచాను."

అప్పుడు భీమలింగం ముక్కు మీద కూచున్న బెక్కాయమ్మ, మిగిలిన కాస్త గొంతూ కూడగట్టుకుని, "ముందు ఆ పళ్లు లోపల పెట్టుకుని పిలవాలి, తెలివితక్కువ పిల్లీ!" అంది.

జంతువులన్నీ భయంతో కళ్లు మూసుకున్నాయి.

పులి కాసేపు గుడ్లప్పగించి చూసింది. తర్వాత మెల్లగా, చాలా ఇష్టంగా, "ఇంకోసారి తిట్టవూ?" అని అడిగింది.

ఇక నక్క సంగతి. అది పరుగెత్తి పరుగెత్తి చీకటి బొరియలో దూరితే, అందులో, చిన్న కన్నంలో దూరి గీరుకున్న తోక నాక్కుంటూ, అప్పటికే అక్కడికి చేరిన సీతాపతి కనపడింది. "అడవి పాడైపోయిందండీ" అంది పాము. "ఆ మాట నేను ఎప్పుడో చెప్పాను" అంది నక్క. సాయంత్రం దాకా ఇద్దరూ అడవిని తిట్టుకున్నారు. మర్నాడు కూడా తిట్టుకున్నారు. ఒకరికి నాలుగు కాళ్లు, ఇంకొకరికి ఒక్కటీ లేదు. ఫారం లేదు, ముద్ర లేదు. ఆ స్నేహం ఇప్పటికీ బ్రహ్మాండంగా సాగుతోందట.

నీతి: ఎవరితో స్నేహం చేయాలో పెద్దలను తప్పకుండా అడగండి, వాళ్లు చెప్పింది శ్రద్ధగా విని, తర్వాత మీకు నచ్చినవాళ్లతో ఆడుకోండి.